ఇసుకకు టికెట్టు
మళ్లీ ఒంటె వీడియో. బతుకమ్మ పండుగ నుంచి మా ఇంట్లో టీవీకి వేరే గతి లేదు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా బామ్మర్ది పొద్దున చాయ్‌తో ఒకసారి, చుట్టాలొస్తే ఇంకోసారి ఫోన్‌ను టీవీకి తగిలిస్తాడు. డిజర్ట్ సఫారీ అట. ఇసుకలో కూరుకుపోకుండా ల్యాండ్ క్రూజర్ టైర్లలో గాలి సగానికి తీసేస్తారట. ఎర్ర దిబ్బల మీదికి ఎక్కించి దబేలున దించుతారట. కోరుట్ల నుంచి ఏ పల్లె దారైనా పట్టి ఆటో ఎక్కితే 20 రూపాయలకే పేగులు కదులుతాయి, టైర్లలో గాలి తీసే శ్రమ కూడా లేకుండా.

ఆపైన ఒంటె సవారీ. నాలుగడుగులు, ఓ ఫోటో. వేములవాడలో కోడె మొక్కు లాంటిదే అనుకోండి. ఇక్కడ కోడెను మనం తిప్పుతాం, అక్కడ ఒంటె మనల్ని తిప్పుతుంది. పుణ్యం మాత్రం ప్యాకేజీలో లేదు.

అదంతా సరే. మనిషికి 150 దిర్హాములు, అంటే మన లెక్కన 3,000 పైమాటే, పోసి ఇసుక చూసొచ్చారా? నాకు కాలేది అక్కడే. మానేరు ఒడ్డు సిరిసిల్ల వాళ్లనడగండి, గోదావరి ఒడ్డు ధర్మపురి వాళ్లనడగండి, ఇసుక చూసే వస్తువా, దొరికితే దాచుకునే వస్తువా అని. మా పెరటి గోడకు ఒక్క ట్రాక్టర్ చెప్పాను. అర్ధరాత్రి దాటాక లైట్లార్పుకొని వచ్చింది. సాయంత్రం ఒప్పుకున్న ధర తెల్లారేసరికి పెరిగింది. గేటు ముందు కుప్ప పోశారో లేదో, వాడకట్టు మొత్తానికి మరమ్మతులు గుర్తొచ్చాయి. ఎదురింటాయనకు స్నానాల గది గచ్చుకని రెండే రెండు గంపలు. పక్కింటావిడకు తులసి గద్దెకు. పిల్లలు గుడి కట్టారు, కుక్క పక్కేసింది, పిల్లి తన పని తాను కానిచ్చింది. మిగిలింది జల్లెడ పడితే గోడ మోకాలెత్తు లేచింది. ఇప్పటికీ అంతే ఉంది, రోజూ దాటుకుంటూ పోతున్నాను.

పైగా వాళ్లు చూసొచ్చిన ఇసుకతో మోకాలెత్తు గోడ కూడా లేవదు. ఎడారి గాలికి దొర్లి దొర్లి రేణువు నున్నబడుతుంది, సిమెంటును పట్టుకోదు. ఏటి ఇసుకకే ఆ గరుకు. అందుకే చుట్టూ ఇసుకే ఉన్నా దుబాయ్ కట్టడాలకు బయటి దేశాల నుంచి ఇసుక తెప్పించుకుంటుంది. నడుమ అరేబియా సముద్రం అడ్డముంది కాబట్టి సరిపోయింది, లేకుంటే మన ట్రాక్టర్లు అక్కడి దాకా పోయేవే.

2022 నుంచి అక్కడి ప్రభుత్వాఫీసులకు శుక్రవారం మధ్యాహ్నం నుంచే సెలవు. ఎడారి షికార్లు అలాంటి వాళ్లకు. జగిత్యాల నుంచి పోయిన కంపెనీ లేబర్‌కు దొరికే ఒక్క రోజు బట్టలుతకడానికి, ఇంటికి వీడియో కాల్‌కు సరిపోతుంది.

నిన్న వీడియో నడుస్తుండగా మా పెద్దనాయిన కొడుకు వచ్చి కూర్చున్నాడు. సౌదీ పోయొచ్చిన మనిషి. తోట పని అని చెప్పి ఏజెంటు వీసా చేతిలో పెట్టాడు, దిగాక తేలింది ఒంటెల కాడ కాపలా. కఫీల్, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమాని, తన జీపులో తీసుకుపోయి ఎడారి నడుమ దించిపోయాడు. ఆ ఏండ్ల సంగతి అన్న చెప్పడు, మేమూ అడగం.

వీడియో అయిపోయేదాకా మాట్లాడలేదు. అయ్యాక అడిగాడు, "ఎంతసేపున్నర్రా ఆడ?"

"ఆరు గంటలు బావా. మూడింటికి ఎక్కించుకున్నరు, తొమ్మిదింటికి రూం కాడ దించిన్రు."

"మళ్ల వాళ్లే తోలుకొచ్చిన్రా?"

"పోను, రాను ప్యాకేజీలనే బావా. కబాబులు గూడ."

అన్న తలూపాడు.

"మంచి కంపెనీ," అన్నాడు.