సి సెంటరు బుర్రకు అందని సినిమా

తెలుగు సినిమా వ్యాపారంలో ఊళ్లను ఏ, బి, సి సెంటర్లుగా విడగొట్టే ఆచారం ఒకటి ఉంది. మహానగరాలు మొదటి తరగతిలోను, ఓ మోస్తరు పట్టణాలు రెండో తరగతిలోను, చిన్న ఊళ్లు అట్టడుగునా కూర్చుంటాయి. దీనికి అనుబంధ సిద్ధాంతం ఏమంటే, హాస్యం, భయానకం, నేరపరిశోధన, విజ్ఞాన కల్పన వంటి జానర్లను, అనగా కథారకాలను, ఒకే చిత్రంలో కలిపినప్పుడు దానిని ఆస్వాదించే సూక్ష్మబుద్ధి మల్టీప్లెక్సు టికెట్టుతో పాటే వస్తుందట. సి సెంటరు ప్రేక్షకుడు పాపం తికమకపడతాడట.

ఈ జాలికి పావగడ తాలూకా ప్రేక్షకుడు కూడా పాత్రుడే. కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినా దాదాపు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉన్న ఈ తాలూకాలో, ఇంట్లో తెలుగు మాట్లాడి, కచేరీలో కన్నడంలో అర్జీ పెట్టుకొని, సాయంత్రం తెలుగు సినిమా చూసేవారికి కొదవ లేదు. పట్టణంలో తలెత్తితే కొండమీద పాతకోట, దించితే శనిమహాత్మ దేవాలయం, తిరుమణి వైపు సాగితే సుమారు 13,000 ఎకరాల సోలార్ పార్కు కనిపిస్తాయి. చారిత్రకం, భక్తిరసం, విజ్ఞాన కల్పన ఇలా ఒక్క తాలూకాలోనే ఎదురవుతున్నా, జానర్ మారిందని కంగారుపడి బస్సు దిగిపోయినవారు లేరు.

ఇక తెరమీది కలయిక సంగతి చూద్దాం. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369'లో వజ్రం దొంగతనంతో నడిచే నేరకథ, కాలయంత్రం ఎక్కి 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువు చేరి, తెనాలి రామకృష్ణుణ్ణి పలకరించి, అక్కడినుండి అణుయుద్ధానంతరం జనం భూగర్భంలో బతికే 2504కు దూకుతుంది. దొంగ కన్నేసిన వజ్రం రాయల కాలానిదే కావడంతో, అనుకోకుండా జరిగిన కాలప్రయాణం కూడా విహారయాత్రలా కాక కథలోని ముడిలాగే తోస్తుంది. ప్రశాంత్ వర్మ 2018లో తీసిన 'ఆ!'లోనైతే మాట్లాడే చేప, మాట్లాడే బోన్సాయ్ చెట్టు, మరుగుదొడ్డిలో దయ్యం, కాలయంత్రపు గోల, అన్నీ ఒకే రెస్టారెంటులో చేరి కలగాపులగంగా కనిపిస్తాయి. అవన్నీ ఒక స్త్రీ మనసులోని శకలాలని తేలేసరికి ఆ కలగాపులగమే కథకు ప్రాణమవుతుంది. ఇటువంటి చిత్రాల్లో ఎన్ని రకాలు కలిశాయని లెక్కపెట్టడం కంటే, ఒకదానిని తీసేస్తే మిగిలినవి నిలుస్తాయా అని చూడటం మేలు. కాకపోతే అందుకు సినిమా చూడాలి, విశ్లేషకులకు అది కాస్త శ్రమ.

'ఆదిత్య 369' 2025లో మళ్లీ విడుదలైంది. దానికి తరచూ దక్కే బిరుదు 'కాలం కంటే ముందు వచ్చిన చిత్రం'. 1991లోనే టికెట్టు కొని దానిని విజయవంతం చేసిన జనం మరి ఏ కాలానికి చెందినవారో బిరుదు ప్రదాతలు సెలవివ్వలేదు. బహుశా వారంతా తికమకలో పొరపాటున హాల్లోకి వచ్చి ఉంటారు.