ఇద్దరు చాలు

2015 అక్టోబరు 16, శుక్రవారం. అన్నవరం కొండ మీద వ్రతం అయ్యేసరికి పదకొండు దాటింది. మండపంలోంచి బయటికొచ్చి ఫోను చూసిన బాబాయి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పిన్ని కంగారుగా కొంగుతో విసరబోయింది.

"నాకేం కాలేదే. చట్టం పోయింది!"

ముప్పయ్యేళ్ళుగా నల్లకోటు వేస్తున్న మనిషి. పోయింది జాతీయ న్యాయ నియామకాల కమిషన్. 1993 నుంచీ జడ్జీలను జడ్జీలే ఎంచుకుంటున్న కొలీజియం పద్ధతికి బదులుగా పార్లమెంటు తెచ్చింది. ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి సీనియర్లు ఇద్దరు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు, మొత్తం ఆరుగురు.

నిజానికి మొదట్లో బాబాయి దీన్నీ తిట్టాడు. ఆ ప్రముఖుల్లో ఒకరు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళా వర్గాల్లో ఏదో ఒకదాన్నుంచి ఉండాలన్నారు. "అయిదిళ్ళ వాళ్ళకీ కలిపి ఒకటే పీట వేశారు, వంతులేసుకుని కూర్చోమని!" అనేవాడు. రాష్ట్రపతి తిప్పి పంపిన పేరును మళ్ళీ పంపాలంటే ఏకగ్రీవం కావాలన్న షరతు బిల్లులో ఉండేది. కాంగ్రెస్ అడిగిందని దాన్ని తీసేశారు. 2014 ఆగస్టు 13న లోక్‌సభలో 367 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. "రాజీ అంటే నాకు తెలీదా? ప్లీడర్లిద్దరూ ఫీజు పుచ్చుకుని క్లయింట్లను ఇంటికి పంపడం."

ఒక్క రూలు మాత్రం ఆయనకు ప్రాణం. ఆరుగురిలో ఏ ఇద్దరు కాదన్నా ఆ పేరు ముందుకు పోదు. "నలుగురున్నాం కదా అని తొక్కుకుంటూ పోవడానికి లేదు. తక్కువమంది హక్కంటే అదీ!" అని మాతో ఎన్నిసార్లు అన్నాడో.

జడ్జీలు కాని ఇద్దరు చేరి ముగ్గురు జడ్జీల మాటను ఆపగలిగితే న్యాయవ్యవస్థ స్వతంత్రత ఏం కావాలన్నది అవతలివాళ్ళ వాదన. సుప్రీంకోర్టు అయిదుగురి ధర్మాసనంలో నలుగురు కొట్టేశారు. ఉండాలన్నది జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే.

"మన కృష్ణా జిల్లా మనిషి, ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివాడు. ఇంకొక్కరు తోడుండుంటేనా!"

"ఉన్నా ముగ్గురిదేగా బాబాయ్ పైచేయి?" అన్నాను.

"అదేరా నా ఏడుపు! ఎక్కడ చూసినా తలకాయల లెక్కే. ఇద్దరు ఎందుకు కాదన్నారని అడిగేవాడే లేడు."

సత్రం గదికి వచ్చేదాకా ఇదే ధోరణి. చాప మీద ఆరుగురు కూర్చున్నారు: బాబాయి, మా నాన్న, మావయ్య, పెద్దల్లుడు, పిన్ని, వాళ్ళ కూతురు మా చిన్న చెల్లి. నాది విస్తరాకు పొట్లాలు విప్పి అందరికీ గోధుమ నూక ప్రసాదం పెట్టే ఉద్యోగం. ఓటు లేదు. ఉన్నా నోరు విప్పేవాణ్ణి కాదేమో.

చెల్లికి కాకినాడ సంబంధం. నాన్న సరేనన్నాడు. మావయ్య దివ్యంగా ఉందన్నాడు. పెద్దల్లుడు ఫోనులోంచి తలెత్తకుండానే మంచిదేనన్నాడు. బాబాయి అప్పటికే మాటిచ్చేసినట్టున్నాడు, ఊరికే తలూపాడు.

"దానికిష్టం లేదండీ. నాకూ లేదు," అంది పిన్ని మెల్లగా.

"నలుగురం బావుందంటున్నాం కదే, ఇంకేంటి?"

చెల్లి ప్రసాదం ముట్టుకోలేదు. వ్రతకథలో ప్రసాదం వదిలేసి కష్టాలపాలైన కళావతిని తల్చుకుని నేనే కాస్త భయపడ్డాను. అది మాత్రం తండ్రి మొహంలోకి సూటిగా చూసింది.

"ఆరుగురిలో ఇద్దరు కాదంటే ఆగిపోవాలి కదా నాన్నా?"

గదిలో ఎవరూ కదల్లేదు. బాబాయి వేళ్ళకంటిన నెయ్యి విస్తరాకుకి తుడుచుకున్నాడు.

"ఆ రూలు ఇవాళ పొద్దున్నే కొట్టేశారమ్మా," అని మావయ్య వైపు తిరిగాడు. "బావా, పంచాంగం తియ్యి."