వాయుగుండం మావయ్య

అండమాన్ దగ్గర అల్పపీడనం అని టీవీలో వినబడగానే మా బందరు మావయ్య మొహంలోకి కళ వచ్చేస్తుంది. అది వాయుగుండమై, తీవ్ర వాయుగుండమై, తుఫానయ్యేదాకా మేనల్లుడి ప్రమోషన్లలా చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెబుతాడు. (నా ప్రమోషన్ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదనుకోండి.)

ఓడరేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేస్తే ఇంట్లో ఏడో నంబరు. హాల్లో సమావేశం. పెద్దోడు గ్యాసు కట్టేసి, కరెంటు మెయిన్ ఆపాలి. చిన్నోడు డ్రమ్ములు నింపాలి. కోడళ్ళు సెల్‌ఫోన్లన్నీ చార్జింగుకి పెట్టాలి. చెల్లాచెదురైతే రామాలయం అరుగు మీద కలుసుకోవాలి. గాలి ఆగింది కదాని గుమ్మం దాటకూడదు. అది తుఫాను కన్ను, కాసేపాగి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. మా అత్తయ్యకి మాత్రం ఏ పనీ అప్పగించడు. "నువ్వెలాగూ వంటింట్లోనే ఉంటావుగా!"

ఆధార్లు, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, అటుకులు, కొవ్వొత్తులతో పాటు తుఫాను సంచీలో వేసి, పురికొసతో కట్టి అటకెక్కించాడు. ఆ ముడి ఆయన విప్పడు, ఇంకొకరిని విప్పనివ్వడు. ఆ ఇంట్లో ఆధార్ కార్డు చూడాలంటే తుఫాను రావలసిందే. బ్యాంకు వాళ్ళు అడిగితే జిరాక్సు ఇచ్చి, "ఒరిజినల్ సురక్షిత ప్రాంతంలో ఉంది" అని చెప్పొస్తాడు.

ఇదంతా చాదస్తమని అందరం నవ్వుకుంటాం. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెనలో వాళ్ళ నాన్న పంచెతో ఈయన్ని తాటిచెట్టుకి కట్టేశారని అత్తయ్య ఒకసారి చెప్పింది. ఆ ముక్క ఆయన ఏ సమావేశంలోనూ ఎత్తడు. పురికొస ముడి గురించి మాత్రం గంట మాట్లాడతాడు.

ఊళ్ళో ఫోన్లు కలవకపోయినా పై ఊరికి కలవొచ్చని, క్షేమ సమాచారమంతా హైదరాబాదులో ఉన్న నాకు చేరాలన్నది ఆయన ఏర్పాటు. మంచి ఏర్పాటే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు ఒక్కొక్కరే ఫోన్ చేశారు. పెద్దోడు క్షేమం. చిన్నోడు క్షేమం. కోడళ్ళు క్షేమం.

"అందరూ ఎక్కడున్నారురా?"

"హాల్లోనే, బావా. పక్కపక్కనే కూర్చున్నాం."

"మరి మావయ్యకోసారి ఇవ్వు."

"కుదరదు. నాన్న నీకే ట్రై చేస్తున్నాడు. నీ లైను బిజీ వస్తోందని తిడుతున్నాడు."

చివరికి అత్తయ్య చేసింది, వంటింట్లోంచి, గొంతు తగ్గించి. "ఒరే, ఆ తుఫాను సంచీలో అటుకులు కార్తీక సోమవారాలకే అయిపోయాయి. కొవ్వొత్తులు దీపావళికి వాడేశాం. మీ మావయ్య సంచీ విప్పుతానంటున్నాడు. నువ్వు ఏదో ఒకటి మాట్లాడి, కాసేపు ఆయన్ని ఫోన్లో పట్టుకో నాయనా. ఈలోగా ఉప్మా దించేస్తాను."