గడప దాటొద్దు, వచ్చి వేయించుకోండి

2020లో, కరోనా రోజుల్లో, కేంద్ర హోంశాఖ పెద్దవాళ్ల మీద ఒలకబోసిన ప్రేమ గుర్తుందా? 65 దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు గడప దాటొద్దంది. తాతలూ మనవలూ అష్టాచెమ్మా ఆడి ఆడి గవ్వలు అరగదీశారు. 2021 మార్చి 1న అదే ప్రభుత్వం 60 దాటినవాళ్లందరికీ టీకా అంది. శుభం. ఎక్కడ వేస్తారు? గడప దాటి వస్తే వేస్తారు.

ముందు కోవిన్ పోర్టల్లో పేరు నమోదు. "నాన్నా, ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చదవండి" అని డాలస్ నుంచి కొడుకు. "ఓటీపీ దేవుడడిగినా చెప్పొద్దని బ్యాంకువాళ్లు అన్నార్రా" అని మదనపల్లె నుంచి తండ్రి. ఆ ధర్మసందేహం తీరేలోపు ఓటీపీ గడువు 180 సెకన్లూ అయిపోతాయి. ఇదంతా రానివాళ్లు నేరుగా రావచ్చన్నారు లెండి, మధ్యాహ్నం మూడింటి తర్వాత. అదీ ఏప్రిల్లో. రెంటచింతలవాళ్లను అడగండి, ఆ మూడింటి ఎండ రుచి చెబుతారు.

మరి మంచం దిగలేనివాళ్ల సంగతేమిటని బాంబే హైకోర్టు అడిగింది. ఇంటింటికీ వెళ్లి వేయడం కుదరదని కేంద్రం చెప్పింది. ఇంట్లో రియాక్షన్ వస్తే ఎలా? మూత తీసి మూసేసరికి టీకా పెట్టె చల్లదనం పోతే? వేశాక అరగంట ఎవరు కూర్చుంటారు? నిజమే. టీకా లైన్లో వడదెబ్బ తగిలితే అది టీకా ఖాతాలో పడదు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. సీసా మూత తీస్తే నాలుగు గంటల్లో పదిమందికి వేసెయ్యాలట. ఒకే ఇంట్లో పదిమంది మంచాన పడి ఉండటం కష్టమే. పక్కవీధికి నడవొచ్చని ఢిల్లీకి తట్టలేదు. కేరళకు తట్టింది. పాలియేటివ్ కేర్ నర్సులు ఎప్పటిలాగే మంచాల దగ్గరికి వెళ్లారు.

అసలు ఇంటికి వెళ్లడం సర్కారుకు చేతకాని విద్యేం కాదు. ఆంధ్రలో 2020 ఫిబ్రవరి నుంచి ఒకటో తారీఖు కోడి కూయకముందే వాలంటీరు పింఛనుతో తలుపు కొట్టేవాడు. ముసలమ్మ వేలిముద్ర పడకపోతే ఆ వేలిని తడిగుడ్డతో తుడిచి, మిషను మీద మళ్లీ నొక్కించేవాడు. వేలు పట్టుకోవడానికి దొరికిన ఇల్లు భుజం పట్టుకోవడానికి దొరకలేదు.

ఓటు సంగతి ఇంకా ముచ్చట. అదే 2021 వేసవిలో కేరళ, తమిళనాడు, బెంగాల్లో 80 దాటినవాళ్ల ఇంటికే బ్యాలెట్ వెళ్లింది. వెంట అధికారులు, పోలీసు, వీడియో తీసేవాడు. ఇంతమంది ఒక్క ఓటు కోసం! ఓటు వేశాక రియాక్షన్ వస్తుందేమోనని అరగంట ఎవరూ కూర్చోలేదు. ఆ రియాక్షన్ అయిదేళ్లు ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదనుకుని ఉంటారు.

తర్వాత సెకండ్ వేవ్ వచ్చింది, ఊళ్లలో కట్టెలకు కరువు తెచ్చి పోయింది. సెప్టెంబరు 23న కేంద్రం మనసు మార్చుకుని, కదల్లేనివాళ్లకు ఇంటికెళ్లి వేయొచ్చంది. నవంబరులో 'హర్ ఘర్ దస్తక్' అని ఇంటింటి తలుపూ కొట్టించింది కూడా. పెట్టె చల్లదనం, రియాక్షన్ భయం ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. అడిగే ఓపికా లేదు.

గడప దాటకుండా, ఓటీపీ చెప్పకుండా, అరగంట కూర్చోకుండా టీకా పూర్తిచేసుకున్న అదృష్టవంతులు మాత్రం కొందరున్నారు. ఎప్పుడో పోయినవాళ్ల ఫోన్లకు 'రెండో డోసు విజయవంతంగా వేశాం' అని మెసేజులు వచ్చాయని పత్రికల్లో చదివాం. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే అప్పట్లో ప్రధాని ఫొటో కూడా ఉండేది.