మా రోజుల్లో ఫైనల్‌కి ముందు సీజన్ ఉండేది

ఇప్పటి ఇంటర్ కాలేజీ సాఫ్ట్‌బాల్ అంటే ఒక సర్క్యులర్, రెండు రోజుల ఆట, చివర్లో ఒక గ్రూప్ ఫోటో. మొదటి రోజు పొద్దున్నే పేర్లు రాయించుకోవడం, మర్నాడు సాయంత్రానికి కప్పు చేతికివ్వడం. ఫోటో దిగే వేళకు ఓడిన జట్లు మైదానంలో ఉండవు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఎల్బీనగర్‌లోనో మెట్రో దిగి ఎప్పుడో ఇళ్లకు చేరి ఉంటాయి. దీన్ని చాంపియన్‌షిప్ అనడానికి నాకు మనసొప్పదు. ఏళ్లకేళ్లు డిగ్రీ పిల్లలకు ఆటలు నేర్పి, రిటైరై సరూర్‌నగర్‌లో స్థిరపడ్డవాణ్ణి. ఈ మాట అనే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

మా రోజుల్లో, అంటే ఎనభైల్లో, ఉస్మానియా పరిధి చాలా పెద్దది. 1976లో కాకతీయ యూనివర్సిటీ విడిగా ఏర్పడ్డాక కూడా నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ కాలేజీలు మనతోనే ఉండేవి. ఇంటర్ కాలేజీ పోటీలంటే జిల్లాల పిల్లలు ఎర్రబస్సుల్లో దిగేవాళ్లు. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో బ్యాట్లు. జట్టు మొత్తానికి సరిపడా గ్లవ్స్ ఉండేవి కావు. ఫీల్డింగ్ అయిపోగానే తమ గ్లవ్స్ ఎదుటి జట్టు చేతికిచ్చి, బ్యాటింగ్‌కు వెళ్లేవాళ్లు. నిజామాబాద్ నుంచి వచ్చే అమ్మాయిలు బేస్ మీదికి స్లైడ్ చేస్తే మోకాళ్లు చీరుకుపోయేవి, అయినా లేచి దుమ్ము దులుపుకుని నవ్వేవాళ్లు. కోఠి ఉమెన్స్ కాలేజీతో మ్యాచ్ ఉందంటే మా పిల్లలకు ముందు రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఆ పోటీ ఒక్క వారంలో తయారైంది కాదు. కాలేజీ తెరిచిన నెలలోనే జట్టు తయారయ్యేది. సాయంత్రం నాలుగున్నరకు గంట కొట్టగానే గ్రౌండు. ఆదివారాలు పక్క కాలేజీ పీడీతో, అంటే ఫిజికల్ డైరెక్టర్‌తో, మాట్లాడుకుని ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టేవాళ్లం. ఇటు విక్టోరియా మెమోరియల్ హోమ్ వైపు మైదానంలో సున్నంతో డైమండ్ గీసుకుని పొద్దు గుంకేదాకా ఆడించేవాళ్లం. ఒకే జట్టుతో ఏడాదిలో అన్నిసార్లు తలపడితే ఏ అమ్మాయి ఏ బంతికి తడబడుతుందో, ఏ క్యాచర్ విసురు రెండో బేస్‌కు ఆలస్యంగా చేరుతుందో అందరికీ తెలిసిపోయేది. ఫైనల్లో బేస్ దొంగిలించడానికి పరుగెత్తిన పిల్లకు ఆ ధైర్యం జూలై నుంచి పోగుచేసుకున్నదే.

సాఫ్ట్‌బాల్ అలా పోగుచేసుకునే ఆటే మరి. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు, ఏడు ఇన్నింగ్స్, జట్టుకు తొమ్మిది మంది. అప్పట్లో ఆడపిల్లల పిచింగ్ దూరం 40 అడుగులు, తరవాత 43 అయింది. చెయ్యి గిరగిరా తిప్పి కింది నుంచి విసిరే బంతి ఆ కాస్త దూరం దాటడానికి అరసెకను కూడా పట్టదు. బ్యాటు తిప్పాలా వద్దా అని కన్ను నిర్ణయించుకోవాలంటే నెలల తరబడి చూసి ఉండాలి. నాలుగు రోజుల క్యాంపుతో వచ్చే విద్య కాదు.

ఇప్పుడేమైంది? 2006లో నిజామాబాద్ వైపు తెలంగాణ యూనివర్సిటీ, 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు వచ్చాయి. 2022లో కోఠి కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది, ఆ తరవాత చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఆడపిల్లలకు చదువు ఇంటి దగ్గరికి రావడం మంచిదే, నేను కాదనను. కానీ ఒకరిని చూసి ఒకరు ఎదిగిన జట్లు ఒకరికొకరు కనిపించకుండా పోయాయి. ఇప్పుడు వాళ్లంతా కలిసేది యూనివర్సిటీల మధ్య పోటీల్లోనే. అక్కడికి వెళ్లేది యూనివర్సిటీకి ఒక్క జట్టు. మిగతా పిల్లల మాట ఎవరూ అడగరు.

2016-17లో డిగ్రీకి సెమిస్టర్లు వచ్చాయి. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, పరీక్షలు, మళ్లీ ఇంటర్నల్స్. ఆటకు మిగిలింది రెండు పరీక్షల మధ్య సందు. ఇక గ్రౌండ్లు. చైతన్యపురి నుంచి కొత్తపేట దాకా రోడ్డుకు రెండు వైపులా ఎన్ని బోర్డులో చూడండి. కింద బట్టల దుకాణం, మధ్యలో కోచింగ్ సెంటర్, పైన డిగ్రీ కాలేజీ. అటువంటి ఒక కాలేజీ అమ్మాయిలు సెల్లార్‌లో స్కూటర్ల మధ్య క్యాచ్‌లు ప్రాక్టీసు చేస్తుంటే చూశాను. పైకప్పు తగులుతుందని బంతిని ఎత్తుగా వెయ్యరట. ఆ పిల్లలు రేపు మైదానంలో ఆకాశం నుంచి దిగే బంతిని ఎలా పడతారు? సరూర్‌నగర్ చెరువు కింద మేం చూసిన ఖాళీ జాగాలన్నీ కాలనీలయ్యాయి. 2020 అక్టోబర్ వానలకు కోదండరాంనగర్ నడుంలోతు నీళ్లలో నిలబడినప్పుడు ఆ జాగాలు ఎందుకు ఖాళీగా ఉండేవో అందరికీ అర్థమైంది. అది వేరే కథ, కానీ పూర్తిగా వేరేది కూడా కాదు.

నన్ను అన్నింటికన్నా బాధపెట్టింది మొన్నటి ఒక మ్యాచ్. సాఫ్ట్‌బాల్‌లో ఒక నిబంధన ఉంది: మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 15 పరుగులు, నాలుగుకు 10, అయిదుకు 7 తేడా ఉంటే ఆట అక్కడితో ఆపేస్తారు. ఒక జట్టు మూడో ఇన్నింగ్స్‌కే అలా ఓడిపోయింది. నాకౌట్ కాబట్టి వాళ్ల టోర్నమెంటు కూడా అంతటితో సరి. బూట్ల లేసులు విప్పుకుంటున్న ఒక అమ్మాయిని పలకరించాను.

“ఎన్నిసార్లు బ్యాటింగ్ చేసినవ్ బిడ్డా?”

“ఒక్కసారే సార్. మూడు బంతులకే అవుటయిన.”

“మల్ల ఎప్పుడు ఆడుతరు?”

“సెమిస్టర్ ఎగ్జామ్స్ ఉన్నయి సార్. నాది ఫైనలియర్. ఇగ అయిపోయినట్టే.”

మూడేళ్ల డిగ్రీ, మూడు బంతులు. ఆ పిల్లలో ఆట లేదని ఎవరనగలరు? దానిని వెతికే సమయం మనం ఇచ్చామా?

డల్లాస్‌లో మా మనవరాలు స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. దాని పుణ్యమా అని అక్కడి కాలేజీ పోటీలు చూడటం అలవాటైంది. పది పదిహేను యూనివర్సిటీలు కలిసి ఒక కాన్ఫరెన్స్. ఫిబ్రవరిలో మొదలుపెట్టి వసంతమంతా ఆడతారు. ఒక్కో జట్టుతో వరసగా మూడేసి మ్యాచ్‌లు. అదంతా అయ్యాక మే నెలలో కాన్ఫరెన్స్ టోర్నమెంటు, అందులో గెలిచినవాళ్లకు జాతీయ పోటీల్లోకి నేరుగా ప్రవేశం. అక్కడ 64 జట్లు, వాటిలో చివరి ఎనిమిది ఓక్లహామా సిటీకి చేరతాయి. ఆ ఎనిమిదిలో కూడా ఒకసారి ఓడితే ఇంటికి పంపరు, రెండోసారి ఓడితేనే బయటికి. ఫైనల్ మూడు మ్యాచ్‌ల పోరు. వాళ్ల డబ్బు మన దగ్గర లేదు, నిజమే. కానీ ముందు సీజన్, తరవాత టోర్నమెంటు అనే వరసకు డబ్బు అక్కర్లేదు. మా దగ్గర అప్పుడు డబ్బుందా? గ్లవ్స్ కూడా లేవు.

ఈ కాలం పిల్లల్లో లోపం ఉందని నేననను. మా పిల్లలు చూసి ఎరగని పిచింగ్‌ను వీళ్లు ఫోన్‌లో మెల్లగా తిప్పి తిప్పి చూసి నేర్చుకుంటున్నారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) వాళ్లు పల్లెటూరి ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ బ్యాటిచ్చారు. 2028 ఒలింపిక్స్‌లోకి సాఫ్ట్‌బాల్ తిరిగొస్తోంది, ఆ మ్యాచ్‌లు కూడా ఓక్లహామా సిటీలోనే. పిల్లల ముందున్న దారి మా రోజులకన్నా పొడవైంది. ఆ దారిలో మొదటి మెట్టయిన కాలేజీ పోటీనే మనం కుదించేశాం. యూనివర్సిటీ జట్టు ఎంపికకు ఒక ట్రయల్, స్పోర్ట్స్ కోటాకు ఒక సర్టిఫికెట్, అంతవరకే దాన్ని మిగిల్చాం. కాగితం కోసం ఆడటం తప్పు కాదు, పేదింటి పిల్లకు ఆ కాగితమే ఉద్యోగం. అయితే ఆ కాగితం అందేది కొద్దిమందికే. మిగిలినవాళ్లకు దక్కాల్సింది ఆట. అదీ దక్కడం లేదు.

అందుకని ఉస్మానియా ఇంటర్ కాలేజీ టోర్నమెంట్ల బాధ్యులకు నా విన్నపం. ఆగస్టు నుంచి నవంబరు దాకా శని, ఆదివారాల్లో లీగ్ పెట్టండి. ప్రతి జట్టుకూ కనీసం అయిదు మ్యాచ్‌లు దక్కాలి. ఆ తరవాతే చాంపియన్‌షిప్, అందులోనూ రెండోసారి ఓడితేనే ఇంటికి అనే పద్ధతి. గ్రౌండు లేని కాలేజీల కోసం సరూర్‌నగర్ స్టేడియం ఆవరణలోనో, మరో ప్రభుత్వ మైదానంలోనో సాయంత్రాలు రెండు గంటలు కేటాయించమని ప్రభుత్వాన్ని అడగండి. పరీక్షల తేదీలు వేసేటప్పుడు పీడీలను కూడా కూర్చోబెట్టండి.

సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయి మ్యాచ్ ఉందని చెప్పిన రోజు ఒక్క పూట సెలవు పెట్టి వెళ్లండి. బౌండరీ పక్కన నిలబడి పేరు పెట్టి గట్టిగా పిలవండి.