సిక్ లైన్లో నడుములు

మా రైల్వే ఊరు ఖరగ్‌పూర్లో పుట్టినవాడికి ఉగ్గుపాలతోనే రెండు మాటలు వచ్చేస్తాయి: సిక్, ఫిట్. వ్యాగన్‌లో తేడా కనబడితే సిక్ రాసి సిక్ లైన్లోకి తోస్తారు. బాగుచేసి, ఫిట్ రాసి, మళ్ళీ లోడుకి పంపేస్తారు. మనిషీ అంతే. జ్వరమొస్తే రైల్వే ఆస్పత్రిలో సిక్ పెడతాడు, ఫిట్ తెచ్చుకుని డ్యూటీకి పోతాడు. ఒక్క నడుముకే ఈ రూలు లేదు. అది సిక్ లైన్లో పడిందా, ఫిట్ రాసే నాథుడు ఉండడు.

మా ఊరి మథురాకాటిలో ఉండే మావయ్య రైల్వే వర్క్‌షాపులో బోగీల కింద దూరి రిటైరైన మనిషి. మొన్న గోల్‌బజారు నుంచి తెచ్చిన బియ్యం బస్తా దించబోతే నడుం పట్టేసింది. ఓ క్లినిక్‌కి వెళ్తే, నడుం మీద చెయ్యి వేయకుండానే ఎమ్మారై రాశారు. ఫిల్ము చూసొచ్చి మంచమెక్కాడు. ‘‘ఒరే అల్లుడా, డిస్కులన్నీ అరిగిపోనాయంట్రా. వంగకూడదంట, ఎత్తకూడదంట, కింద కూకోకూడదంట. బతకొచ్చో లేదో మాత్రం సెప్పనేదు.’’

ఆపైన ఫిజియోథెరపీ పేరుతో వైద్యం మొదలైంది. బెల్టు బిగించారు. బరువులు కట్టి ట్రాక్షన్ లాగారు. కరెంటు పెట్టారు. జెల్ పూసి అల్ట్రాసౌండ్‌తో నడుముకి ఇస్త్రీ చేశారు. ఆయన చేత ఒక్క అడుగు మాత్రం వేయించలేదు.

ఆ ఫిల్ము సంగతేమిటో చూద్దాం. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా మందిలో ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. 2015లో 33 అధ్యయనాలను కలిపి లెక్కవేస్తే, ఏ నొప్పీ లేని వాళ్ళలోనే డిస్కుల అరుగుదల ఇరవయ్యేళ్ళ వయసులో 37 శాతం మందికి, ఎనభయ్యేళ్ళకి 96 శాతం మందికి ఉందని తేలింది. అంటే అది జుట్టు నెరవడం లాంటిది. తెల్లవెంట్రుకకి ట్రాక్షన్ పెట్టినవాణ్ణి నేనింకా చూడలేదు.

మంచం మహిమా తేలిపోయింది. 1986లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పి చూస్తే, రెండు రోజుల వాళ్ళే తక్కువ సెలవు వాడుకున్నారు. 1995లో హెల్సింకి అధ్యయనంలో పడుకున్నవాళ్ళ కంటే, ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్ళే ముందు కోలుకున్నారు. ట్రాక్షన్‌తో చెప్పుకోదగ్గ లాభం లేదని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. ఇక బెల్టంటారా, పంట్లాం నిలబెట్టడంలో దానికి సాటి లేదు.

ఈ భయానికి మన రైళ్ళతో పాత చుట్టరికం ఉంది. 1866లో లండన్ సర్జన్ ఎరిక్‌సన్, రైలు ప్రమాదంలో బయటికి దెబ్బ కనబడకపోయినా నడుంనొప్పితో కుంగిపోయినవాళ్ళ గురించి పుస్తకం రాశాడు. ఆ జబ్బుకి ‘రైల్వే స్పైన్’ అని పేరు పడిపోయింది. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే సర్జన్ లేచి, చాలామందిలో అసలు దోషి వెన్నుపాము కాదు, భయం అన్నాడు. ఆయన రైలు కంపెనీ డాక్టరు, నష్టపరిహారం ఎగ్గొట్టే పక్షం. మాటను సగం తగ్గించే తీసుకోవాలి. నొప్పి అబద్ధం కాదు. కానీ భయం నొప్పికి ఎరువన్నది ఈనాటి పరిశోధకులూ ఒప్పుకునే మాట. పోనీ, ఆ రోజుల్లో నడుముని భయపెట్టాలంటే రైలు పట్టాలు తప్పాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క ఫిల్ము చాలు.

ఫిజియోథెరపీని వెక్కిరించడం లేదు. ఒళ్ళు తాకి చూసి, కదిలించి, భయం పోగొట్టి, ఇంటిదగ్గర చేసుకునే వ్యాయామం నేర్పేవాళ్ళకి దండం పెడతాను. కాళ్ళు చచ్చుబడుతున్నా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, జ్వరంతో నొప్పి వచ్చినా, పెద్ద దెబ్బ తగిలినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. అక్కడ ఎమ్మారైకి పనుంది.

మిగతావాళ్ళకి నాదొక్కటే మనవి. ఈసారి ఎవరైనా మీ నడుముని సిక్ చేస్తే, ఎన్ని సిట్టింగులని కాదు, ‘ఫిట్ ఎప్పుడు రాస్తారు?’ అని అడగండి. జవాబు రాకపోతే చెప్పులేసుకుని నడుస్తూ ఇంటికొచ్చేయండి. సగం వైద్యం దారిలోనే అయిపోతుంది.