“ఫార్మాట్ కొట్టేద్దామా సార్?”

కంప్యూటర్ లేవట్లేదని కొట్టుకి పట్టుకెళ్తే ఇప్పటి కుర్రాళ్ల నోట ముందు వచ్చేది ఈ మాటే. మూత విప్పరు. లోపల ఏముందని అడగరు. కొత్త విండోస్ ఎక్కించి, డబ్బులు తీసుకుని పంపించేస్తారు.

మా రోజుల్లో ఇలా కాదు. తొంభైల చివర్లో విజయవాడ పటమటలో డీటీపీ సెంటరంటే పేజ్‌మేకరూ అను ఫాంట్లూ ఎక్కించిన ఒక పెంటియం, పక్కన ఒక లేజర్ ప్రింటరు. పెళ్లికార్డుల నుంచి పుస్తకాల దాకా అన్నీ అందులోనే. సరిగ్గా మాఘమాసం ముహూర్తాలప్పుడే అది మొరాయించేది. అయినా బూట్ కాకపోవడం వేరు, డేటా పోవడం వేరు అని మాకు తెలుసు. డిస్క్ మొదట్లో ఉండే 512 బైట్ల సెక్టారులోని బూట్ కోడు చెడినా, విండోస్ ఫైలొకటి పాడైనా మిషను లేవదు. లోపలి పెళ్లికార్డులకేం కాదు. నాలుగు స్క్రూలు విప్పి, డిస్క్ వెనక గోటికి కూడా అందని జంపర్‌ని పట్కారుతో లాగి, మాస్టర్ నుంచి స్లేవ్‌కి మార్చి, పక్క మిషన్లో వెడల్పాటి బూడిదరంగు కేబుల్‌కి తగిలిస్తే ఇంకో డ్రైవ్‌గా కనిపించేది. ఇక కాపీ చేసుకోవడమే.

ఆటోనగర్ పక్కన పెరిగినవాళ్లం. అక్కడి మేస్త్రీలు లారీ ఇంజను చప్పుడు విని ఏం పోయిందో చెప్పినట్టే మేమూ డిస్క్‌కి చెవి ఆనించేవాళ్లం. సుయ్యిమని తిరిగితే భయం లేదు. టక్, టక్ అని ఆగి ఆగి కొట్టుకుంటే హెడ్ పోయినట్టే, వెంటనే కరెంటు తీసెయ్యాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లెం మీద వెంట్రుకవాసి కూడా లేని ఎడంలో ఆడే హెడ్ అది. ఇంకోసారి ఆన్ చేసి చూద్దామనుకుంటే ఉన్న డేటాని గీకేసుకోవడమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ని ముంచాక తడిసిన సీపీయూలని ఎండబెట్టి స్విచ్ వేసినవాళ్లున్నారు. ఎండితే బురద పళ్లేనికి అంటుకుపోతుంది, తడి ఆరకుండా కవర్లో చుట్టి రికవరీ ల్యాబుకి పంపండయ్యా అంటే వినేదెవరు?

మా కాలంలో డిస్కులు గట్టివని కాదు. అవీ పోయేవి. బ్యాకప్ అంటే 1.44 ఎంబీ ఫ్లాపీలు, వాటికి వానాకాలంలో బూజు. కానీ పోతే ఎందుకు పోయిందో తెలిసేది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీకి చప్పుడే లేదు, ఏం వింటాం? పాత డిస్క్‌లో ఫైలు డిలీట్ కొట్టినా దాని మీద ఇంకోటి రాసేదాకా అక్కడే పడుండేది, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో లాగేవాళ్లం. ఇప్పుడు ట్రిమ్ అని ఒకటొచ్చింది. డిలీట్ కొట్టగానే ఆ చోటు ఖాళీ చేసుకోమని డ్రైవ్‌కి చెప్పేస్తుంది. కొన్ని ల్యాప్‌టాపుల్లోనైతే స్టోరేజీని బోర్డుకే అతికించేస్తున్నారు, విప్పుదామంటే విప్పడానికేం లేదు.

మొన్న పక్కింటి కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. “తాతయ్యా, నీలం తెరొచ్చి ఆగిపోతోంది. ప్రాజెక్టంతా అందులోనే ఉంది.” లైనక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి లేపాను. డిస్క్ నిక్షేపంలా ఉంది. తెరవబోతే బిట్‌లాకర్ అనే విండోస్ తాళం 48 అంకెల కీ కొట్టమంది.

“తాళంచెవి ఏదిరా?”

“నేనసలు తాళమే వెయ్యలేదు తాతయ్యా.”

నిజమే, వాడు వెయ్యలేదు. కొత్త విండోస్ 11 మిషన్లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే చాలు, అదే తాళం వేసేసి, కీ ఆ అకౌంటులో దాచిపెడుతుంది. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడ్డా తెరవలేకుండా ఈ ఏర్పాటట. బాగానే ఉంది, దొంగకీ సొంతదారుకీ ఒకటే మర్యాద!

అకౌంటు పాస్‌వర్డ్ వాడికి గుర్తులేదు. ఓటీపీ వాళ్ల నాన్న ఫోనుకెళ్లింది. ఆయనేమో కంకిపాడులో పెళ్లిలో ఉన్నాడు. బ్యాండుమేళం హోరులో ఆయన అరిచి చెప్పిన అంకెలతో అకౌంటు తెరిచి, ఆ 48 అంకెలూ వాడు చదువుతుంటే నేను కొట్టాను. ఫోల్డర్లు కనిపించాయి.

“కాపీ చేసుకోవడానికి ఇంకో డ్రైవ్ ఉందా?” అన్నాను.

“ఆన్‌లైన్లో ఆర్డర్ పెడతా తాతయ్యా, రేపటికి వచ్చేస్తుంది” అంటూ ల్యాప్‌టాప్ ఆపెయ్యబోయాడు.

“ఆపావంటే మళ్లీ ఆ 48 అంకెలూ నువ్వే కొట్టుకో. బెంజి సర్కిల్ దాకా వెళ్లి కొనుక్కురా, పో!”